పాత అమెరికన్ బండి హార్స్‌పవర్‌ని ఎట్లా చదవాల?

రేణిగుంట రోడ్డులో నాది చిన్న షెడ్డు. సాయంత్రమైతే ఇంజనీరింగ్ పిల్లోళ్ళు వచ్చి ఫోను చూపిస్తారు. "అన్నా, 1970 షెవర్లే షెవెల్, 454 క్యూబిక్ అంగుళాల ఇంజను, 450 హార్స్‌పవర్ అంట!" కంపెనీ రాసింది అంతే, కాదనను. నమ్మే ముందు మాత్రం ఇవి చూడండబ్బా.

మొదట సంవత్సరం. 1971 దాకా అక్కడ ఎక్కువగా వాడింది 'గ్రాస్' లెక్క. ఇంజనుని స్టాండుకెక్కించి ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు, ఫ్యాను లాంటివి లేకుండా కొలిచేవాళ్ళు. మా షెడ్డులో జీపుకి ఫ్యాన్ బెల్టు ఊడదీసి, సైలెన్సరు విప్పి రేజ్ చేస్తే భలే హుషారుగా లేస్తుంది. అదే బండితో తిరుమల ఘాట్ ఎక్కి చూడండి, నాలుగు మలుపులకే కాగిపోతుంది. 1972 నుంచి 'నెట్', అంటే అన్నీ తగిలించి కొలిచింది.

ఇది తెలీక నేనొకసారి పందెంలో మసాలా దోసె పోగొట్టుకున్నా. కార్వెట్ ఎల్‌టీ-1 ఇంజను 1970లో 370, 1971లో 330, 1972లో 255. "రెండేళ్ళలో ఇంజనుని చంపేశారు" అని వాదించా. 1970 నుంచి 71కి తగ్గిన 40 నిజమే. మామూలు పెట్రోలుకి తగ్గట్టు కంప్రెషన్‌ని, అంటే సిలిండర్లో గాలీ పెట్రోలూ నొక్కే నిష్పత్తిని, 11 నుంచి 9కి దించారు. కానీ 1971 బండికే నెట్ లెక్క కూడా ఇచ్చారు, 275. అంటే తర్వాతి ఏడాది పోయిన 75లో 55 ఉత్త కాగితం మీదే! అసలు తగ్గింది 20.

తర్వాత ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు. 1969 కమారో జెడ్/28కి 5800 దగ్గర 290. దాని పోటీదారు మస్టాంగ్ బాస్ 302కీ 5800 దగ్గర అదే 290. ట్రాన్స్-యామ్ రేసులో 5 లీటర్ల హద్దు, అందుకే రెండూ 302 క్యూబిక్ అంగుళాలు, 5 లీటర్లకి కాస్త లోపలే. ఇంజను సైజు కలిసిందంటే సరే. ఎదురెదురు అంగళ్ళలో రేటు కూడా పైసా తేడా లేకుండా ఉంటే అనుమానం రాదా? కమారో ఇంజనైతే 7000 ఆర్‌పీఎం దాకా లాగేది, కంపెనీ చెప్పింది 5800 దగ్గరి అంకె మాత్రమే. హార్స్‌పవర్ ఎక్కువ చూపిస్తే ప్రీమియం పెంచుతారని ఇన్సూరెన్సు వాళ్ళకి భయపడి అంకె దాచుకున్న రోజులవి.

చివరగా క్వార్టర్ మైలు, అంటే ఆగిన చోటు నుంచి పావు మైలు పరుగు. చివరి గీత దాటేటప్పటి వేగాన్ని, గంటకి మైళ్ళలో, 234తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి (అదే అంకెని మూడుసార్లు వేసి గుణించి), పౌండ్లలో బరువుతో గుణించండి. 3800 పౌండ్లు, 105 మైళ్ళు అయితే సుమారు 343 హార్స్‌పవర్. డ్రైవరు బరువు మాత్రం కలపాల. 160 పౌండ్ల మనిషిని మరిస్తే 14 గుర్రాలు మాయం.