సాఫ్ట్‌టాప్ కారులోకి నీళ్లు: నేనెలా ఆపానంటే

వాన వెలిసాక చూస్తే, గుడ్డ పైకప్పు (టాప్) మడిచేసుకునే మా రెండు సీట్ల కన్వర్టిబుల్‌లో సీటు వెనక కార్పెట్ ముద్దగా తడిసింది. కొత్త టాప్ వేయించాలేమోనని టెన్షన్. తీరా గుడ్డ, రబ్బరు సీళ్లు బాగానే ఉన్నాయి. ఇలాంటి చాలా కార్లలో టాప్ మీంచి జారిన నీరు సీట్ల వెనక ఇరువైపులా ఉండే డ్రెయిన్ల గుండా కిందికి పోతుంది. మాది ఓక్ చెట్టు కింద పార్కింగ్ (డాలస్ ఎండకి నీడ వదులుకోలేం). ఆకుల చెత్త నాని, బురదై ఆ డ్రెయిన్లను మూసేసింది.

గడ్డి ట్రిమ్మర్‌లో వాడే నైలాన్ తీగ చివర కాస్త కరిగించి గుండ్రంగా చేసి, తిప్పుతూ మెల్లగా వాటిలోకి దింపాను. ఎయిర్ కంప్రెసర్ మాత్రం వద్దు, లోపలి పైపు ఊడితే పెద్ద పని. తర్వాత మగ్గుతో నీళ్లు పోస్తే కారు కింద ధారగా కారాయి. కార్పెట్ ఎత్తి, అడుగు స్పాంజి పూర్తిగా ఆరేదాకా ఫ్యాన్ పెట్టాను. అది తడిగా ఉండిపోతే ఫ్లోర్ తుప్పు పడుతుంది.