పసిబిడ్డకు గుడ్డ డైపర్లు వాడటం ఎలా? అసలు పని ఉతుకు దగ్గరే

మా ఇద్దరు పిల్లలూ గుడ్డల్లోనే పెరిగారు. ఆ తర్వాత మా చెల్లి కూతురికి, మరిది కొడుక్కి, పక్క ఫ్లాట్‌లో కవలలకు కూడా నేనే దగ్గరుండి అలవాటు చేయించాను. అందరి దగ్గరా ఒకటే వరస చూశాను. రెండు వారాలు సంబరంగా వాడతారు. మూడో వారం వాసన మొదలవుతుంది, నాలుగో వారం కారిపోవడం మొదలవుతుంది, ఆ పైన బిడ్డకు తొడ మడతల్లో ఎర్రబడుతుంది. "గుడ్డ డైపర్లు మా పాపకు పడలేదండీ" అని మూటగట్టి అటకెక్కించి, మళ్లీ పెద్ద ప్యాకెట్ తెప్పించుకుంటారు. తప్పు గుడ్డది కాదు. నేను చూసినంతలో దాదాపు ప్రతిసారీ తప్పు ఉతికిన తీరులోనే ఉంది.

వాడి పారేసే డైపర్ ఎందుకు వద్దంటానో ముందు చెప్తాను. దాని లోపల చెక్క గుజ్జు, సోడియం పాలీఅక్రిలేట్ అనే పొడి ఉంటాయి. తడిని పీల్చుకుని జెల్‌లా ఉబ్బేది ఆ పొడే. చుట్టూ ఉన్న పొరలు పాలీప్రొపిలీన్, పాలిథీన్, అంటే ప్లాస్టిక్. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు డైపర్లను బాగా చుట్టి పొడి చెత్త డబ్బాలో వేయమన్నాయి. మన ఇళ్లలో చాలాచోట్ల అది అన్నం మెతుకులతో, కూరగాయల తొక్కలతో కలిసి ఒకే కవర్లో పోతోంది. పొద్దున్నే చెత్తబండి దగ్గర దాన్ని చేత్తో వేరుచేసే మనిషిని ఒక్కసారి దగ్గర నుంచి చూస్తే ఇంకేమీ చెప్పక్కర్లేదు.

"బయోడీగ్రేడబుల్" అని రాసి అమ్మేవి ఉన్నాయి కదా అంటారు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవండి. పై పొర మొక్కల పీచుతో చేసి, లోపల అదే పీల్చుకునే పొడి, అదే ఎలాస్టిక్ పెట్టినవి చాలా ఉన్నాయి. పైగా గాలి ఆడని చెత్తగుట్ట అడుగున ఏదీ సరిగా కుళ్లదు. రెట్టింపు ధర పెట్టి అదే చెత్త చేయడం నాకు ఇష్టం లేదు.

ఏం సిద్ధం చేసుకోవాలి

ఇంట్లో పాత కాటన్ పంచెలు ఉంటే సగం పని అయినట్టే. నాలుగు మీటర్ల పంచెలో 60 సెంటీమీటర్ల చదరపు ముక్కలు డజను వస్తాయి. అంచులు కుట్టించండి, దారాలు ఊడి బిడ్డ వేళ్లకు చుట్టుకోకూడదు. పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకు పది పన్నెండు సార్లు తడుపుతుంది కాబట్టి ముప్ఫై ముక్కలు, వాటి మీద వేయడానికి నీళ్లు దిగని కవర్లు ఆరు ఉంటే చాలు. కవర్లు టిచ్ బటన్లవే తీసుకోండి. వెల్‌క్రో నాలుగు నెలల్లో పీచులు పట్టి ఊడిపోతుంది. గాలి ఆడే బుట్ట ఒకటి, బకెట్లు రెండు. ఇంతే.

పాకెట్ డైపర్లు, అంటే లోపల సంచిలా ఉండి అందులోకి ప్యాడ్ దూర్చేవి, అందంగా ఉంటాయి, బహుమతిగా కూడా బాగా వస్తాయి. నేను మాత్రం వద్దంటాను. ఆ ప్యాడ్ నాలుగైదు పొరలు కలిపి కుట్టింది. సబ్బు లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులైనా మధ్యలో చెమ్మ ఆరదు. ప్యాడ్ మైక్రోఫైబర్‌దైతే అదీ ప్లాస్టిక్ నూలే, దాన్ని నేరుగా బిడ్డ చర్మానికి తగలనివ్వకూడదు కూడా. వెదురు గుడ్డ అని చెప్పేది ఎక్కువగా వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోస్. పంచె ముక్క విప్పితే ఒకటే పొర. మురికి పోతుంది, సబ్బు పోతుంది, ఎండలో రెండు గంటల్లో ఆరుతుంది. మన అమ్మమ్మలు మడత విప్పి ఆరేసే గుడ్డ ఎందుకు వాడారో ముసురులో ఒక్క వారం గడిపితే తెలిసిపోతుంది.

కొత్త గుడ్డ కొంటే వాడే ముందు ఐదారు సార్లు ఉతికి ఆరేయండి. కొత్త నూలు మీద ఉండే నూనె, గంజి పోతేగానీ అది తడి పీల్చదు. మొదటి రోజే కారిపోతోందని గొడవపడేవాళ్లు ఈ పని చేసి ఉండరు.

కట్టడం, మార్చడం

మూలకు మూల కలిపి త్రికోణంగా మడవండి, మధ్య కొసను కాళ్ల మధ్యనుంచి పైకి తెచ్చి, రెండు పక్క కొసలూ దాని మీదికి తెచ్చి కవర్ వేసేయండి. పిన్నులు వద్దు. మగబిడ్డకు ముందు వైపు ఇంకో మడత. కవర్ ఎలాస్టిక్ తొడ మడతలో కూర్చోవాలి, తొడ మీద కాదు. గుడ్డ అంచు కవర్ బయటికి ఒక్క అంగుళం కనిపించినా ఆ అంగుళం నుంచే పరుపంతా తడుస్తుంది. నడుము దగ్గర రెండు వేళ్లు దూరాలి.

పగలు రెండు గంటలకొకసారి మార్చండి, దొడ్డికి పోతే వెంటనే. పాలు తాగి లేచిన ప్రతిసారీ బిడ్డను మీ రెండు పాదాల మీద కూర్చోబెట్టుకుని "స్స్... స్స్" అనండి. మన ఇళ్లలో ఇది తరతరాలుగా ఉన్నదే. మూడో నెల నుంచి అలవాటు చేస్తే రోజుకు నాలుగు గుడ్డలు తగ్గుతాయి. మా చిన్నవాడు ఆరో నెలకు పొద్దుటి దొడ్డి పాదాల మీదే కానిచ్చేవాడు.

ఉతకడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

ఒక రాత్రి మా మరదలు రెండు ప్యాడ్లు కవర్లో పెట్టుకుని ఇంటికి వచ్చింది. బాబు ఒక్కసారి పాస్ పోస్తే చాలు కళ్లు మండేంత ఘాటు వస్తోందట. "ఉతికి ఆరేసినవే వదినా, సబ్బు కూడా బాగానే వేస్తున్నాను" అంది. ఒక ప్యాడ్ తీసి స్టీలు గిన్నెలో పెట్టి, మామూలు వేడినీళ్లు పోసి గరిటెతో నాలుగుసార్లు అదిమాను. సబ్బు చుక్క కూడా వేయలేదు. అయినా గిన్నె నిండా నురగ లేచింది. నీళ్లు పారబోసి మళ్లీ పోస్తే మళ్లీ నురగ. ఐదోసారికి గానీ నీళ్లు తేరలేదు. బాబు పిర్రలకు రోజంతా ఆనుకుని ఉన్నది ఆ సబ్బే.

వాళ్లది బోరు నీళ్ల ఇల్లు. ఉప్పదనం, కాఠిన్యం ఉన్న నీళ్లలో సబ్బు నురగ రాదు. రాలేదని ఇంకాస్త పొడి వేస్తాం. అది గుడ్డలో పేరుకుంటుంది, దానికి మురికి పట్టుకుంటుంది, ఆ మురికిలో బ్యాక్టీరియా ఉంటుంది. మూత్రంలోని యూరియాను అది అమోనియాగా మారుస్తుంది. ఆ ఘాటు అక్కడిదే. తాగునీటికి మన ప్రమాణాల్లో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటారు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. చాలా బోర్లు ఈ లెక్క దాటుతాయి. మీ బకెట్ లోపల, కుళాయి మూతి మీద తెల్లటి పొర గట్టిపడి ఉంటే మీవీ అలాంటి నీళ్లే.

కాబట్టి ఈ వరస తప్పకండి.

ముందు దొడ్డి దులపండి. తల్లిపాల మీద ఉన్న బిడ్డదైతే నీళ్లలో కరిగిపోతుంది. ఆరో నెలలో అన్నప్రాసన అయ్యాక మాత్రం గట్టిపడుతుంది, దాన్ని టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టాలి. ఆ గుడ్డ కాలవలోనో చెరువులోనో జాడించకండి. తర్వాత చల్లటి నీళ్లలో ఒకసారి జాడించి, పిండి, గాలి ఆడే బుట్టలో వేయండి. మొదటే వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది.

నానబెట్టి రాత్రంతా ఉంచొద్దు. ఇది గుడ్డ కోసం చెప్పేది కాదు. పాకే బిడ్డ బకెట్ పట్టుకుని లేచి తలకిందులుగా పడితే తనంతట తాను బయటికి రాలేదు. కొద్ది నీళ్లు చాలు ప్రాణం పోవడానికి. ఉతుకు అయ్యేదాకా బాత్రూమ్ తలుపు గడియ పెట్టి ఉంచండి, బకెట్ ఖాళీ చేసి బోర్లించండి.

రోజు విడిచి రోజు ఉతకండి, మూడో రోజుకు ఆపకండి. మెషీన్ అయితే ముందు చల్లటి నీళ్లలో చిన్న ఉతుకు, తర్వాత 40 నుంచి 60 డిగ్రీల మధ్య పెద్ద ఉతుకు. కవర్లు 40 దాటించకండి, వాటి లోపలి పూత విడిపోతుంది. డ్రమ్ములో మూడింట రెండు వంతులే నింపండి. చివర ఒక జాడింపు అదనంగా పెట్టండి. ముందు తలుపు మెషీన్లు నీళ్లు తక్కువ తీసుకుంటాయి, వాటికి రెండు పెట్టండి. చేతి ఉతుకైతే సగం బకెట్ గోరువెచ్చటి నీళ్లకు ఒక పెద్ద చెంచా పొడి, పావుగంట నాన, బాగా గుంజడం, మూడు బకెట్ల జాడింపు. బోరు నీళ్లయితే పొడి వేసే ముందు ఒక చెంచా చాకలి సోడా కలపండి. పొడి పెంచడం కన్నా ఇది మేలు. ఆఖరి జాడింపు మంజీరా నీళ్లో, కృష్ణా నీళ్లో, వచ్చే గంటలో పట్టుకున్న కుళాయి నీళ్లతోనే చేయండి. ఆ ఒక్క బకెట్ గుడ్డలకు కేటాయించండి.

బట్టల సబ్బు బిళ్ల వాడకండి. బోరు నీళ్లలో అది జిగురు తెట్టెగా మారి గుడ్డకు అంటుకుంటుంది. కుంకుడు రసం జుట్టుకు బంగారం లాంటిది, డైపర్ గుడ్డకు చాలదు. నెల రోజులు ప్రయత్నించే చెప్తున్నాను. మెత్తదనానికి, సువాసనకు చివర్లో కలిపే కండిషనర్లు అసలే వద్దు, అవి నూలు మీద పొరలా పరుచుకుని తడి పీల్చనివ్వవు. అనుమానం ఉంటే ఉతికి ఆరిన గుడ్డ మీద రెండు చుక్కల నీళ్లు వేయండి. వెంటనే ఇంకితే మంచిది. పూసల్లా నిలబడి జారితే పొర పట్టిందన్నమాట. రాషెస్‌కు రాసే జింక్ క్రీము కూడా ఇదే పని చేస్తుంది, రాసినప్పుడు మధ్యలో వేరే పలచటి గుడ్డ ముక్క వేయండి.

యాంటీసెప్టిక్ లిక్విడ్ రోజూ కలపడం మన ఇళ్లలో పెద్ద అలవాటు. బాగా ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డకు దాని అవసరం లేదు, మిగిలిపోతే లేత చర్మం మండుతుంది. ఇక బ్లీచింగ్ గురించి చెప్తాను, దయచేసి జాగ్రత్తగా చదవండి. మూత్రం ఉన్న గుడ్డ మీద బ్లీచింగ్ పౌడర్ గానీ బ్లీచ్ ద్రావణం గానీ పోయకండి. అందులోని అమోనియాతో కలిసి క్లోరమైన్ వాయువులు వస్తాయి, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. మూసిన బాత్రూమ్‌లో బాలింత ఆ పని చేయడం ఊహించుకుంటేనే నాకు టెన్షన్ వస్తుంది.

ఇప్పటికే పేరుకుపోయిన గుడ్డలుంటే పారేయకండి. మరిగించి కాస్త చల్లారిన నీళ్లు పోసి, సబ్బు లేకుండా, నురగ ఆగేదాకా మార్చి మార్చి జాడించండి. ఆరేడు సార్లు పట్టొచ్చు. మా మరదలి ప్యాడ్లు అలాగే బాగుపడ్డాయి. ఇంత చేసినా బిడ్డకు ఎర్రటి మచ్చ చుట్టూ చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, ఇంటి వైద్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఆరబెట్టడం

గుడ్డలు ఎర్రటి ఎండలో దండెం మీద ఒక్క పొరగా ఆరేయండి. పసుపు మరక సబ్బుకు పోనిది మధ్యాహ్నం ఎండకు పోతుంది. కవర్లు మాత్రం నీడలో వేయండి. 2008లో బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ రెండు రకాల డైపర్లనూ పోల్చినప్పుడు, మామూలుగా ఉతికి వాడితే గుడ్డవాటికి, పారేసేవాటికి కార్బన్ లెక్కలో పెద్ద తేడా కనిపించలేదు. మెషీన్ నిండా ఉతికి, బయట గాలికి ఆరేసి, రెండో బిడ్డకు కూడా వాడినప్పుడు గుడ్డది 40 శాతం దాకా తగ్గింది. అక్కడి వాళ్లకు ఎండ కరువు. మనకు డాబా మీద ఊరికే ఉంది, డ్రయర్ జోలికి పోకండి. వానల్లో ఫ్యాన్ కింద ఆరేసి, చివర్లో చెమ్మ మిగిలితే ఇస్త్రీ చేయండి. సాంబ్రాణి పొగ మీద ఆరబెట్టొద్దు, ఆ పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు.

రాత్రికి రెండు గుడ్డలు కలిపి మడిచి కడితే నాలుగైదు గంటలు ఆగుతుంది. ప్రయాణంలో తడిసినవి వేసుకోవడానికి జిప్ సంచి ఒకటి పెట్టుకోండి. రాత్రంతా రైల్లో వెళ్లాలంటే ఒక పారేసే డైపర్ వేయండి, ఏమీ కాదు.

బిడ్డ పెద్దయ్యాక గుడ్డలు దాచేటప్పుడు మధ్యలో కలరా ఉండలు పెట్టకండి. అవి నాఫ్తలీన్. జీ6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం, ఉన్న పసివాళ్లకు ఆ గుడ్డలు కట్టినా ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు, ఆ లోపం ఉందో లేదో పుట్టిన వెంటనే చాలామందికి తెలియదు. బాగా ఎండబెట్టి, ఎండు వేపాకు వేసి నూలు సంచిలో కట్టండి. ఎవరైనా మీకు వాడిన గుడ్డలు ఇచ్చినా, కలరా ఉండల వాసన వస్తే బిడ్డకు కట్టకండి, ఇల్లు తుడవడానికి వాడుకోండి.