కయాక్‌లో వెళ్లి రాత్రి బస చేయాలంటే సామాన్లు, తిండి ఎలా సర్దుకోవాలి?

అలిపిరిలో లగేజీ కౌంటర్‌లో బ్యాగులు ఇచ్చేసి ఖాళీ చేతులతో 3,550 మెట్లూ ఎక్కడం అలవాటైన వాళ్లం కాబట్టి, కయాక్ (తెడ్డుతో నడుపుకునే సన్నటి చిన్న పడవ) చూడగానే మనకి అదే ధైర్యం వస్తుంది. మోసేది పడవ కదా, మనకేం అని ఇంట్లో కనపడిందల్లా కట్టుకుని బయల్దేరతాం. మొదటిసారి నేనూ అంతే, మడత కుర్చీ కూడా పట్టుకెళ్లా. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, పడవే ఇరుకు, దాంట్లోకి కుర్చీ ఒకటి.

ముందు చోటు సంగతి చూసుకోండి. తిరుపతి నుంచి ఇలాంటి సరదా ఉన్నవాళ్లు ఎక్కువగా కడప, జమ్మలమడుగు మీదుగా గండికోట వెళ్తారు, పెన్నా లోయ నీళ్ల కోసం. పులికాట్ ఇంకా దగ్గర కదా అనొచ్చు, కానీ అది పక్షుల అభయారణ్యం, పైగా ఉప్పునీళ్లు. కల్యాణి డ్యామ్ మన తాగునీటిది, చుట్టూ చిరుతలు తిరిగే శేషాచలం అడవి, ఆ ఆలోచనే వద్దు. ఎక్కడికెళ్లినా రాత్రి ఉండనిస్తారా అని అక్కడి వాళ్లని అడిగాకే బ్యాగు తీయండి. మనవైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి, 2021 నవంబర్‌లో తిరుపతి ఎలా మునిగిందో చూశాం. వానలు వెనకబట్టాక, జనవరి, ఫిబ్రవరిలో వెళ్లడం హాయి.

1. బరువు లెక్క

ప్రతి కయాక్‌కీ ఎంత బరువు మోస్తుందో కంపెనీ ఒక అంకె చెబుతుంది. ఆ అంకె దాకా నింపితే పడవ నీళ్లలో బాగా కిందికి దిగి మొద్దులా కదులుతుంది, అందుకే అందులో 70 శాతం దగ్గర ఆగడం మంచిది. 130 కిలోలు మోసేదైతే 91 అనుకోండి. మీరు 68 కిలోలుంటే సామాన్లకి మిగిలేది 23. మనిషికి రోజుకి 4 లీటర్ల చొప్పున రెండు రోజులకి నీళ్లే 8 కిలోలు, ఇక చేతిలో ఉన్నది 15 కిలోలు, అందులోనే టెంటు, పరుపు, పొయ్యి, తిండి అన్నీ. ఈ లెక్క కాగితం మీద వేసుకుంటే కుర్చీ దానంతటదే ఇంట్లో ఉండిపోతుంది.

2. సంచులు

కూర్చుని కాళ్లు లోపలికి చాపుకునే రకం కయాక్‌లో ముందొకటి, వెనకొకటి మూతలుంటాయి, హ్యాచ్ అంటారు. చాలా వాటికి ఆ మూతి మన అన్నం గిన్నె మూతంతే ఉంటుంది. ట్రెక్కింగ్ బ్యాగు అందులో దూరదు. కాబట్టి ఒకే పెద్ద సంచి కాకుండా 5, 10 లీటర్ల డ్రై బ్యాగులు, అంటే నీళ్లు లోపలికి పోని సంచులు, నాలుగైదు తీసుకోండి, రంగులు వేరువేరుగా ఉంటే చీకట్లో వెతుక్కునే టెన్షన్ తగ్గుతుంది. సంచి నిండా కుక్కకుండా పైన కాస్త ఖాళీ వదిలి, మోకాలితో నొక్కి గాలి పోగొట్టి, మూతిని కనీసం మూడు చుట్లు చుట్టి అప్పుడు బకిల్ పెట్టాలి. ఒక్క చుట్టుతో వదిలేస్తే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. పరుపు, రాత్రి వేసుకునే బట్టలు మాత్రం ముందు మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆపైన డ్రై బ్యాగులో పెట్టండి. వెళ్లే ముందు రోజు సంచిలో పాత పేపర్లు పెట్టి బకెట్లో పది నిమిషాలు ముంచి చూడండి, ఎక్కడ కారుతుందో ఇంట్లోనే తెలిసిపోతుంది.

పడవ బోల్తా పడుతుంది అనే అనుకుని సర్దాలి. పడకపోతే సంతోషం.

బట్టలు రెండు జతలు చాలు, తడవడానికి ఒకటి, పడుకోవడానికి ఒకటి. పొడి జతని ఎంత చలేసినా నీళ్ల మీద తీయకండి. జీన్స్ వద్దు, తడిస్తే మనిషినే ముంచేంత బరువు. లుంగీ ఒకటి ఉండాలి, బట్టలు మార్చుకోవడానికి చాటు, తుడుచుకోవడానికి తువ్వాలు, రాత్రి దుప్పటి, అన్నీ అదే.

3. పడవలోకి ఎక్కించడం

నీళ్ల సీసాలు, బియ్యం, పొయ్యి లాంటి బరువైనవి అడుగున, సీటుకి దగ్గరగా, కుడి ఎడమ సమానంగా పెట్టాలి. 20 లీటర్ల క్యాన్ వద్దు, 2 లీటర్ల సీసాలైతే ఎటు బరువు తక్కువైతే అటు జరుపుకోవచ్చు. తేలికైన పరుపు, బట్టలు మొనల్లోకి తోయండి, తోసే ముందు ఆ సంచికి తాడు కట్టి చివర బయటికి వదలండి, లేకపోతే సాయంత్రం చెయ్యి అందక పడవని తలకిందులు చేసి దులపాల్సి వస్తుంది. టెంటు కడ్డీలు విడిగా తీసి నిలువుగా జార్చండి, గుడ్డని చివర్లో పెట్టండి, దిగగానే ముందు కావాల్సింది అదే కాబట్టి. పడవ పైన ఏమీ కట్టొద్దు, గాలికి ఊగుతుంది. అంతా అయ్యాక నీళ్లలో తేలనిచ్చి పక్కనుంచి చూడండి, వెనక రవ్వంత దిగితే పర్లేదు, ముందు మొన దిగకూడదు.

4. తిండి

ఇక్కడ నాకు ఒక అనుభవం ఉంది. ఆవకాయ లేకుండా ముద్ద దిగదని చిన్న సీసాలో పోసి పరుపు ఉన్న సంచిలోనే దోపేశా. బయటి నీళ్లని లోపలికి రానివ్వని సంచి లోపలి నూనెని కూడా బయటికి పోనివ్వదు కదా, రాత్రంతా ఆవకాయ వాసనలో పడుకున్నా, తెల్లారేసరికి చీమలు. అప్పటినుంచి ఊరగాయ బదులు చెనక్కాయల పొడి.

మొదటి పూటకి చింతపండు పులిహోర, ఉదయం చేస్తే సాయంత్రం దాకా ఆగుతుంది. పెరుగన్నం ఎండకి పులిసిపోతుంది. రాత్రికి ఇంట్లోనే గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, జీలకర్ర, పసుపు, ఉప్పు కలిపి కవర్లో కట్టుకోండి, అక్కడ ఐదు గ్లాసుల నీళ్లు పోసి ఉడికిస్తే ఇద్దరికి సరిపోయే పలచటి కిచిడి. సంగటి చేద్దామని మా వాడొకడు సరదా పడ్డాడు, గెలకడానికి తెడ్డు కావాలంటే పడవ తెడ్డు చూపించాడు! వద్దులెండి, గిన్నె కడగడానికే సగం నీళ్లు అయిపోతాయి. పొద్దునకి రవ్వని నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, చెనక్కాయలతో ముందే వేయించి చల్లార్చి కట్టుకుంటే, మరిగే నీళ్లలో పోస్తే ఉప్మా. దారిలో నమలడానికి చెనక్కాయలు, బెల్లం, రెండు నిమ్మకాయలు. బొరుగులు నాకు ప్రాణమే గానీ చోటంతా తినేస్తాయి. టమాటాలు నలిగిపోతాయి, గాజు సీసాలు అసలొద్దు.

చిన్న గ్యాస్ పొయ్యి ఒకటి చాలు, కానీ రైల్లో గ్యాస్ డబ్బా తీసుకెళ్లనివ్వరు, కారులో అయితే ఎండలో వదిలేయకండి. అగ్గిపెట్టె పాత ప్లాస్టిక్ డబ్బాలో వేసి బిగించండి.

5. ఒంటి మీద ఉండాల్సినవి

లైఫ్ జాకెట్ వేసుకోవాలి, కాళ్ల దగ్గర పెట్టుకోవడం కాదు. దాని జేబులో విజిల్, లైటర్, ఓఆర్ఎస్ ప్యాకెట్, వాటర్‌ప్రూఫ్ కవర్లో ఫోన్. పడవ చేజారి కొట్టుకుపోతే మీకు మిగిలేవి ఇవే. లోయలో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, ఆ టైముకి రాకపోతే 112కి ఫోన్ చేయమని ఇంట్లో చెప్పి రండి. తలకి కట్టుకునే లైటు, చిన్న మందుల డబ్బా, పడవలో చేరిన నీళ్లు పీల్చడానికి స్పాంజి చేతికందేలా పెట్టుకోండి.

6. ఒడ్డున

ఇసుక మెత్తగా ఉందని నీళ్ల పక్కనే టెంటు వేయకండి, పైన గేట్లు ఎత్తితే రాత్రికి రాత్రే నీటిమట్టం పెరగొచ్చు. గడ్డి, చెత్త కొట్టుకొచ్చి ఆగిన గీత కనపడుతుంది చూడండి, దానికి బాగా పైన వేయాలి. పడవని కూడా అంత పైకి లాగి చెట్టుకి కట్టేయండి. తిండి టెంటులో ఉంచొద్దు, కొండ మీద కోతులు చేతిలో కవర్ ఎలా లాక్కుంటాయో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, కుక్కలైతే రాత్రి పూట వస్తాయి. మిగిలింది హ్యాచ్‌లో పెట్టి మూత బిగించేయండి. చెత్తకి ఖాళీ బియ్యం సంచి ఒకటి మడిచి తెచ్చుకుంటే వచ్చేటప్పుడు దాన్ని మిగతా లగేజీతో పాటే ఎక్కించుకోవచ్చు.

ఇంటికొచ్చాక ఎంత నిద్రొచ్చినా డ్రై బ్యాగులు తిరగేసి కడిగి నీడలో ఆరేయండి. ఒకసారి నేను బద్ధకించి మూసి అటక మీద పడేశా, నెల తర్వాత విప్పితే ఇంట్లోవాళ్లు ఆ సంచులతో పాటు నన్నూ మేడ మీదికి పంపారు.