పద్నాలుగు జతల లెక్క
(ధ్రువ సముద్రాల అడుగున బతికే చిన్న జీవుల శరీర వర్ణన: నాలుగో పాఠం)

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? తులసికోట పక్కన తడి ఇటుక ఎత్తితే కనబడే బూడిదరంగు పురుగును పట్టి కాళ్లు లెక్కపెట్టమన్నాను. ఏడు జతలు వచ్చినవాళ్లు ఐసోపాడ్‌నే పట్టారు. రొయ్యలు, పీతలున్న క్రస్టేషియన్ వర్గంలో ఇదొక గుంపు, ధ్రువ సముద్రాల అడుగునా ఉంటుంది. లెక్క ఎక్కడా ఆగక విసిగిపోయినవాళ్లు రోకలిబండను పట్టుంటారు. దాన్ని వదిలేయండి, అది క్రస్టేషియన్ కాదు. ఆరు జతలే వచ్చినవాళ్లు టెన్షన్ పడొద్దు. ఐసోపాడ్ పిల్ల తల్లి పొట్ట కింది సంచిలోంచి బయటికొచ్చేనాటికి దానికి ఏడో జత ఉండదు, తర్వాత మొలుస్తుంది. ఆ దశకు మాంకా అని పేరు. మీ లెక్క తప్పలేదు, పిల్ల దొరికిందంతే. కాళ్లెన్నో రాసేముందు ఒంటి పొడవు ఎన్ని మిల్లీమీటర్లో రాయమని మొదటి పాఠం నుంచీ పోరుతున్నది ఇందుకే.

ఈ పాఠం వంటింట్లో మొదలవుతుంది. ఈసారి రొయ్యలు తెచ్చినప్పుడు ఒలిచేముందు ఒకదాన్ని పక్కన పెట్టండి. వనామి అయినా టైగర్ అయినా ఫరవాలేదు, తల మాత్రం ఉండాలి. తెల్ల పళ్లెంలో కాసిన్ని నీళ్లు పోసి, రొయ్యను వెల్లకిలా పడుకోబెట్టి, గుండుసూదితో ఒక్కో కాలినీ పక్కకు జరుపుతూ రండి. మీసాలను, దవడలను ఈరోజు ముట్టుకోవద్దు, అవి తల తాలూకు. వాటి వెనక నోటిని కప్పినట్టు మూడు జతల పొట్టి కాళ్లుంటాయి. వాటిని మాక్సిల్లిపెడ్లు అంటారు, నడవడానికి కాదు, మేత అందుకోవడానికి. తర్వాత అయిదు జతల నడక కాళ్లు, అందులో మొదటి మూడు జతల చివర చిన్న పట్టకార్లు. పొట్ట కింద అయిదు జతల ఈత కాళ్లు, తోక విసనకర్రలో అటొకటి ఇటొకటిగా ఇంకో జత. ఎదకు 3, 5 కలిపి ఎనిమిది. పొట్టకు 5, 1 కలిపి ఆరు. మొత్తం పద్నాలుగు. నోట్‌బుక్‌లో ఈ అంకె చుట్టూ ఒక గీత గీయండి.

ఇప్పుడు యాంఫిపాడ్ బొమ్మ ముందు పెట్టుకోండి. ఇది కూడా క్రస్టేషియన్లలో ఒక గుంపు. దక్షిణ మహాసముద్రం అడుగునుంచి తెచ్చిన నమూనా మనకు ఇక్కడ దొరకదు. ప్రచురించిన గీతల బొమ్మలతో చాలావరకు నేర్చుకోవచ్చు, నేను కూడా అలాగే నేర్చుకున్నాను. యాంఫిపాడ్‌కు రొయ్యలాగా తలనూ ఎదనూ కలిపి కప్పే డొప్ప ఉండదు, కళ్లకు కాడలుండవు. ఒళ్లు రెండు పక్కలనుంచి నొక్కినట్టుంటుంది. ఎద మొదటి ఖండం తలలో కలిసిపోయి, దాని కాళ్లు మాక్సిల్లిపెడ్లయ్యాయి, ఒకటే జత. ఆ వెనక పట్టుకునే కాళ్లు రెండు జతలు, వాటిని గ్నాథోపాడ్లు అంటారు. తర్వాత నడక కాళ్లు అయిదు జతలు. పొట్ట కింద ఈత కాళ్లు మూడు జతలు, వాటి వెనక గెంటుకాళ్లలా మూడు జతల యూరోపాడ్లు. లెక్క వేయండి: 1, 2, 5 కలిపితే ఎనిమిది. 3, 3 కలిపితే ఆరు. మీ ఇటుక కింది ఐసోపాడ్‌కు 1, 7 కలిపి ఎనిమిది, 5, 1 కలిపి ఆరు.

మా వైపు ముగ్గురు అన్నదమ్ములకు తలా ఎనిమిదెకరాల మాగాణి, ఆరెకరాల మెట్ట వచ్చిందనుకోండి. ఒకడు మాగాణిలో మూడెకరాలు వరి వేసి అయిదెకరాలు రొయ్యల చెరువు తవ్వుతాడు. ఇంకొకడు ఏడెకరాలు చెరువు చేసి, ఇంటికి చాలినంత ఒక్క ఎకరం వరి ఉంచుకుంటాడు. పాస్‌బుక్‌లో విస్తీర్ణం ఒకటే, సాగు వేరు. కొత్త జీవి కనబడగానే కంగారు పడకుండా, ఎనిమిదిలో ఏది దేనికి వాడుకుంది, ఆరులో ఏది దేనికి వాడుకుంది అని చూడండి. అది ఏ వర్గానిదో సగం తెలిసినట్టే.

యాంఫిపాడ్ పేరుకు రెండు రకాల కాళ్లు అని అర్థం. ఫ్రెంచి శాస్త్రవేత్త లాత్రేయ్ 1816లో పెట్టిన పేరు. నడక కాళ్లలో ముందు రెండు జతలు ఒక దిక్కుకు, వెనక మూడు జతలు దానికి ఎదురు దిక్కుకు వంగుతాయి. అందుకే (తలలో కలిసినదాన్ని వదిలి లెక్కిస్తే) ఎదలో మూడు, నాలుగు ఖండాల కాళ్లను ఒకలా, అయిదు నుంచి ఏడు వరకు ఇంకొకలా వర్ణిస్తారు. అన్నిటికీ కలిపి ఒకే వాక్యం రాసేస్తే ఆ వర్ణన పనికిరాదు.

ఇక ఒక్క కాలు. మొదలు నుంచి కొస దాకా ఏడు కణుపులు: కోక్సా, బేసిస్, ఇస్కియం, మెరస్, కార్పస్, ప్రొపోడస్, డాక్టిలస్. బట్టీ పట్టక తప్పదు, నాకు వారం పట్టింది. యాంఫిపాడ్‌లో కోక్సా కాలిలా ఉండదు, పక్కకు దిగిన పలకలా ఉంటుంది. పక్కనుంచి చూస్తే ఆ పలకలు పెంకుటింటి చూరులా వరసగా కనబడతాయి, మొప్పలు వాటి చాటున లోపలివైపు వేలాడతాయి. గ్నాథోపాడ్‌లో ప్రొపోడస్ అరచెయ్యి అనుకుంటే, డాక్టిలస్ దానిమీదికి మడతపడే వేలు. వేలు అరచేతి అంచుమీదికి మూసుకుంటే సబ్‌కీలేట్. అరచేతిలోంచి ఎదురుగా ఇంకో వేలు పొడుచుకొచ్చి రెండూ పట్టకారులా కలిస్తే కీలేట్, మీ రొయ్య నడక కాళ్లలో చూసింది అదే.

అభ్యాసానికి నేను ఎంచుకున్నది యూరిథీనీస్ అంధకారే. దక్షిణ మహాసముద్రపు లోతుల జీవి, 2015లో పేరు పెట్టారు. పేరు చదవగానే మన అంధకారం వినబడి, కావలిలో కూర్చున్న నాకు అది చుట్టమనిపించింది. ఈ ప్రజాతి జీవులు చచ్చిన చేపల మీద వాలే రకం. యాంఫిపాడ్లు చాలావరకు కొన్ని మిల్లీమీటర్లే ఉంటే ఇవి పదిహేను సెంటీమీటర్ల దాకా పెరగగలవు, అందుకే బొమ్మలు స్పష్టంగా దొరుకుతాయి. రెండో గ్నాథోపాడ్ చూడండి. మామూలుగా ఇస్కియం పొట్టి కణుపు, ఇక్కడ సాగి ఉంటుంది. ఆ కాలు మొత్తం చలిదేశంలో వేసుకునే వేళ్లు విడివిడిగా లేని చేతితొడుగులా కనబడుతుంది. యాంఫిపాడ్లలో లైసియానసాయిడ్ అనే కుటుంబాల గుంపు మొత్తానికి ఇది గుర్తు. ఒక్క కణుపు పొడవు చూసి ఇంటిపేరు చెప్పేయొచ్చన్నమాట.

ఇక నేను తిన్న దెబ్బ. హేచరీ ల్యాబ్‌లో కొత్తగా చేరిన రోజుల్లో సీడ్ (చెరువులో వదిలే రొయ్య పిల్లలు) ముక్కు మీద పళ్లు లెక్కపెట్టే పని నాది. ఒక బ్యాచ్‌కు ఆరు అని రాశాను. సీనియర్ మైక్రోస్కోప్‌లో మళ్లీ చూసి, "నాలుగేరా, ఆ రెండూ నూగు" అన్నాడు. నూగును సీటా అంటారు. పన్ను పెంకులోంచే పొడుచుకొస్తుంది, మొదట్లో అతుకు ఉండదు. సీటా పెంకులోని చిన్న గుంటలో నాటినట్టుంటుంది, మొదట్లో గుండ్రటి అంచు కనబడుతుంది, విరిగిపోతే ఆ గుంట మిగులుతుంది. కొన్ని సీటాలు బిరుసుగా అచ్చం ముల్లులాగే ఉంటాయి, మోసపోయేది అక్కడే. మొదలు కనబడకపోతే కోణం మార్చి చూడండి. అప్పటికీ తేలకపోతే పన్ను అని రాయొద్దు.

వర్ణన రాసే భాష గురించి. 'కాలు సన్నగా పొడుగ్గా ఉంది' అంటే ఎవరికి సన్నం? హేచరీలో సీడ్ బాగుందా లేదా అన్నది కంటిచూపుతో చెప్పం. పొట్ట ఆరో ఖండంలో పేగు మందానికి కండ మందం ఎన్ని రెట్లో చూస్తాం, నాలుగు రెట్లుంటే మంచి సీడ్ అంటాం. ఇక్కడా అదే పద్ధతి. నేను ఊహించి రాసిన ఒక నమూనా ఇది (పెరియోపాడ్ అంటే ఎద కాలు, 5 అంటే అయిదో ఖండానిది): "పెరియోపాడ్ 5. బేసిస్ పొడవు వెడల్పుకు 1.4 రెట్లు, వెనక అంచు గుండ్రం, సన్నని రంపపు పళ్లు. మెరస్ కార్పస్ కంటే పొడవు. డాక్టిలస్ ప్రొపోడస్‌లో మూడో వంతు." క్రియలు లేవు, పొగడ్తలు లేవు. బొమ్మ చూడని మనిషి ఈ మాటలతో కాలు గీయగలగాలి. కాకపోతే జీవి పెరిగేకొద్దీ నిష్పత్తులు కూడా కొంత మారతాయి, ఒంటి పొడవు పక్కన లేని నిష్పత్తిని నమ్మొద్దు.

ఇంత చాదస్తం దేనికని ఒక మిత్రుడు అడిగాడు. 2002 నుంచి 2005 మధ్య పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ పరిశోధన నౌక అంటార్కిటికా పక్కనున్న వెడెల్ సముద్ర ప్రాంతంలో 6 వేల మీటర్లకు పైగా లోతు దాకా గాలించింది. దొరికిన ఐసోపాడ్లు 674 జాతులు. వాటిలో 585 అంతకుముందు శాస్త్రానికి తెలియనివి. ప్రతి దానికీ ఎవరో ఒకరు కూర్చుని బేసిస్ పొడవెంత, వెడల్పెంత అని రాస్తే తప్ప దానికి పేరు రాదు.

ఈ వారం పని: రొయ్య మూడో నడక కాలు మొదట్లో కత్తిరించి, ఏడు కణుపులూ కనబడేలా పెన్సిల్‌తో గీయండి. ప్రతి కణుపు పొడవునూ స్కేలుతో కొలిచి, ప్రొపోడస్‌కు ఎన్ని రెట్లో రాయండి. ఒక్క కణుపు తక్కువొస్తే బేసిస్, ఇస్కియం మధ్య అతుకు దగ్గర మళ్లీ చూడండి, అందరూ జారేది అక్కడే. గీశాక రొయ్యను కూరలో వేసేయొచ్చు. వచ్చే పాఠం నోటి భాగాలు. దానికి సన్న సూదులు రెండు, గ్లిజరిన్ సీసా ఒకటి సిద్ధం చేసుకోండి.