తిరిగిన కొద్దీ కొత్తది దొరికే ఓపెన్ వరల్డ్ గేమ్‌ని ఎలా పట్టుకోవాలి?

ఓపెన్ వరల్డ్ అంటే మీ ఇష్టమొచ్చినట్టు ఎటైనా తిరగగలిగే ఆట. అలాంటి గేమ్‌ని మ్యాప్ సైజు చూసి మాత్రం కొనకండి. ఎంత పెద్ద మ్యాప్ అయినా, దారి వదిలేసి పక్కకి వెళ్తే అక్కడ ఏమైనా ఉందా లేదా అన్నదే చూస్కోవాలి.

నేనేం చెప్తున్నానో ఒక ఉదాహరణతో చెప్తా. ఎల్డెన్ రింగ్ (2022)లో మిస్ట్‌వుడ్ అని ఒక అడవి ఉంటుంది, అక్కడ పెద్ద ఎలుగుబంటి వెంటపడితే పరిగెత్తుకుంటూ వెళ్లి ఓ రాతి కట్టడంలో దూరా, చూస్తే లోపల లిఫ్ట్. ఎక్కితే కిందకి దిగుతోంది, దిగుతోంది, ఎంతకీ ఆగదే! తీరా ఆగి బయటికొస్తే భూమి అడుగున ఆకాశం, నిండా చుక్కలు. సియోఫ్రా నది అది. అక్కడికి వెళ్లమని ఏ క్వెస్టూ (గేమ్ మనకిచ్చే పని) చెప్పలేదు, కంట్రోలర్ పక్కన పెట్టేసి కాసేపు అలా చూస్తూ ఉండిపోయా. ఇలాంటివి ఇచ్చే గేములు ఎలా వెతకాలో చూద్దాం.

ముందు మీకు ఏం దొరికితే సంతోషమో తేల్చుకోండి. కత్తులు, కవచాలు, కొత్త శక్తులు కావాలా? ఎల్డెన్ రింగ్, స్కైరిమ్ (2011) చూడండి. రహస్యాలు విప్పడం ఇష్టమా? అయితే ఔటర్ వైల్డ్స్ (2019)ని మించింది నాకు తెలీదు, అందులో 22 నిమిషాలకోసారి కాలం మళ్లీ మొదటికొచ్చేస్తుంది, మీతో మిగిలేది మీరు తెలుసుకున్న విషయాలు మాత్రమే, అదంతా మీ అంతరిక్ష నౌకలోని షిప్ లాగ్‌లో రాసుంటుంది. భయపడుతూ లోతుకి వెళ్లాలంటే సబ్‌నాటికా ఉంది, సముద్రం మొత్తం మీద మ్యాపే ఉండదు, దారి మీరే గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత ట్రైలర్లు వదిలేసి కామెంటరీ లేని గేమ్‌ప్లే వీడియో ఒకటి ఓ అరగంట చూడండి. ఆడేవాళ్లు కొండలు, పొగ, దూరంగా కనబడే గోపురం చూసి అటు నడుస్తున్నారా, లేక మూలనున్న మినీ మ్యాప్‌లో గీత పట్టుకునే పోతున్నారా? గీత పట్టుకునే పోతుంటే నాకైతే అనుమానమే. విచర్ 3 (2015) నాకు ప్రాణం, కానీ స్కెలిగే అనే దీవుల చుట్టూ సముద్రంలో, మ్యాప్ మీద ప్రశ్నార్థకం గుర్తులున్న చోట్లకి పడవేసుకుని వెళ్తే చాలావరకు స్మగ్లర్లు దాచిన పెట్టెలే ఉంటాయి, ఆ గేమ్‌లో అసలు సంపద ఊళ్లలో మనుషులు చెప్పే కథల్లో ఉంది.

రివ్యూల్లో "వంద గంటల కంటెంట్" లాంటివి పట్టించుకోవద్దు. "నేను అటు వెళ్తుంటే ఏమైందంటే" అని ఎవరైనా ఒక చోటు గురించి చెప్తున్నారా చూడండి, అలాంటివి ఎక్కువుంటే గేమ్‌లో సరుకున్నట్టే. స్టీమ్‌లో (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) ఎవరు ఎన్ని గంటలు ఆడారో రివ్యూ మీదే ఉంటుంది, చాలా గంటలు ఆడి నచ్చలేదన్నవాళ్ల మాట తప్పకుండా చదవండి. స్పాయిలర్లతో జాగ్రత్త, ముఖ్యంగా ఔటర్ వైల్డ్స్‌కి.

కొన్నాక సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అస్సాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ (2018)లో ఎక్స్‌ప్లొరేషన్ మోడ్ పెడితే టార్గెట్ ఎక్కడో నేరుగా చూపించదు, గుర్తులు చెప్తుంది, మనమే వెతుక్కోవాలి. ఘోస్ట్ ఆఫ్ సుషిమా (2020)లో మినీ మ్యాపే లేదు, గాలి ఎటు వీస్తే అటు దారి. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ (2017)లో ప్రో మోడ్ ఆన్ చేస్తే స్క్రీన్ మీద మ్యాప్, గుర్తుల్లాంటివి దాదాపు మాయమైపోతాయి, అప్పుడు గడ్డిలో గుండ్రంగా పేర్చిన రాళ్లలో ఒకటి తక్కువుందని మీ కంటికే కనబడుతుంది, పక్కనున్న రాయి తెచ్చి ఆ ఖాళీలో పెడితే కోరోక్ అనే చిన్న అడవి జీవి బయటికొస్తుంది! ఇలాంటివి మొత్తం 900 దాచారు అందులో.

ఆఖరి పరీక్ష. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడుంటే రిఫండ్ అడగొచ్చు, కాబట్టి ట్యుటోరియల్ అవగానే క్వెస్ట్ ఎటు రమ్మంటే దానికి ఎదురు దిక్కున ఓ పావుగంట నడవండి. కాళ్లు ఆగేలా చేసింది రెండు మూడైనా ఉంటే ఉంచుకోండి, లేకపోతే గడువు దాటకముందే తిరిగిచ్చేయండి.

మామూలు ల్యాప్‌టాప్ అయితే ఎ షార్ట్ హైక్ (2019)తో మొదలుపెట్టండి. ఒక చిన్న పక్షి, ఒక కొండ, రెండు మూడు గంటల ఆట, కానీ శిఖరం వైపు వెళ్తూ వెళ్తూ కనీసం పదిసార్లు పక్కదారి పడతారు.