ఇంట్లో కంప్యూటర్ బ్యాకప్‌కి నెట్‌వర్క్ డ్రైవ్ పెట్టుకోవడం ఎలా?

మా వీధిలో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే అన్న ఒకాయన ఉన్నాడు, ముహూర్తాల రోజుల్లో తిరుచానూరు మండపాల దగ్గరే ఉంటాడు. రెండు డిస్కుల నాస్ పెట్టె (రూటర్‌కి తగిలించే నెట్‌వర్క్ డ్రైవ్) కొన్న రోజు "ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది, ఇంక టెన్షన్ లేదు" అన్నాడు. ఆరు నెలలకి వాళ్ళ పిల్లోడు ఆటల కోసం జాగా చేసుకుంటూ ఒక పెళ్ళి ఫోల్డర్ డిలీట్ చేశాడు. రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో పోయింది. రెండు డిస్కుల్లోనూ ఒకేలా రాసే ఈ పద్ధతిని రెయిడ్ 1 అంటారు, అద్దంలో బొమ్మ లాంటిదే. డిస్క్ చెడిపోతే కాపాడుతుంది గానీ మనం చేసిన తప్పుని కూడా నమ్మకంగా రెండో డిస్కులో చేసి పెడుతుంది.

అందుకే ఇక్కడ పెట్టె కొనడం గురించి కొంచెం, కొన్నాక చేయాల్సిన పని గురించి ఎక్కువ చెబుతాను.

1. కొనేటప్పుడు

డిస్క్ లోపలే బిగించి వచ్చేవి ఒక రకం. సైనాలజీ, క్యూన్యాప్ లాంటి కంపెనీల ఖాళీ పెట్టెలు కొని డిస్కులు మనమే వేసుకోవడం రెండో రకం. మొదటిది చవక, కానీ లోపలి బోర్డు కాలిపోయినప్పుడు డిస్క్ బయటికి తీసి విండోస్‌కి తగిలిస్తే "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. కంగారుపడి ఎస్ కొట్టకండి. చాలా పెట్టెల్లో డిస్క్ లినక్స్ పద్ధతిలో ఉంటుంది, విండోస్‌కి చదవడం రాదు, అంతే.

విడిగా డిస్క్ కొంటుంటే సీఎంఆర్ రకమే అడగండి, అందులో డేటా వరసలు దేనికది విడిగా ఉంటాయి. వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ రకంలో ఎక్కువసేపు రాసేటప్పుడు వేగం పడిపోతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ళ 'రెడ్' అనే రకంలో కొన్ని డిస్కులు చెప్పకుండానే ఎస్ఎంఆర్ అయ్యాయని బయటపడి కొన్నవాళ్ళు గట్టిగా గొడవ చేశారు, ఆ తర్వాతే సీఎంఆర్ డిస్కులకి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. అన్నట్టు 4 టీబీ కొంటే కంప్యూటర్‌లో 3.63 అని చూపిస్తుంది, దుకాణం వాడు మోసం చేశాడని వెళ్ళి పోట్లాడకండి, లెక్క కట్టే పద్ధతుల తేడా అది.

2. ఎక్కడ పెట్టాలి

రూటర్ పక్కనే, ల్యాన్ కేబుల్‌తో. వేగం గురించి ఎక్కువమంది తిట్టుకునేది డ్రైవ్‌ని, అసలు తప్పు చాలాసార్లు రూటర్‌ది. రూటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయితే సెకనుకి 11 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, అంటే 500 జీబీ ఎక్కడానికి పన్నెండు గంటల పైనే పడుతుంది. గిగాబిట్ పోర్టు అయితే అంతా కలిసొస్తే రెండు గంటల లోపే. మొదటి బ్యాకప్ మాత్రం వైఫై మీద చేయకండి, ల్యాప్‌టాప్‌కి కూడా కేబుల్ పెట్టి రాత్రికి వదిలేయండి.

మన తిరుపతి ఎండలకి టీవీ కింద మూసేసిన అరలో పెడితే డిస్కులు ఉడుకుతాయి, గాలి ఆడే చోట ఉంచండి. కరెంటు పోయినప్పుడు రాస్తున్న ఫైల్ పాడవకుండా చిన్న యూపీఎస్ ఉండాలి. ఇన్వర్టర్ మీదే పెడితే వెనకాల స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే కరెంటు మారే ఆ రెప్పపాటులో పెట్టె ఆగిపోవచ్చు.

3. మొదటి సెట్టింగులు

అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, బ్యాకప్‌కి వేరే యూజర్ పెట్టండి. బయట నుంచి చూసుకునే సౌకర్యం ఆపేయండి. ఊరికే చెప్పడం లేదు. 2021 జూన్‌లో మై బుక్ లైవ్ అనే పాత డ్రైవ్‌లు ఇంటర్నెట్‌కి తగిలించి ఉన్నవి ఉన్నట్టే ఖాళీ అయిపోయాయి, 2015 నుంచి వాటికి అప్‌డేట్లే లేవు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే వైరస్ క్యూన్యాప్ పెట్టెల్లో ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగింది.

విండోస్‌లో డ్రైవ్ కనపడకపోతే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి పెట్టె ఐపీ నంబర్ ఇవ్వండి. మరీ పాతదైతే ఎస్ఎంబీ 1 అనే, నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతి మీద నడుస్తుంటుంది, 2017 నుంచి విండోస్ 10 దాన్ని పక్కన పెట్టేసింది. దాన్ని తిరిగి ఆన్ చేసే చిట్కాల జోలికి పోకుండా డ్రైవ్‌కే అప్‌డేట్ ఉందేమో వెతకండి.

4. బ్యాకప్ మొదలు

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి ఫైల్ హిస్టరీ ఆన్ చేస్తే గంటకోసారి మారిన ఫైళ్ళని పంపుతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే తీసుకుంటుంది, మొత్తం కంప్యూటర్‌ని కాదు. మ్యాక్‌లో టైమ్ మెషీన్, అది ఖాళీ ఉన్నంతా తినేస్తుంది కాబట్టి నాస్‌లో దానికి కోటా (ఇంత జాగాకి మించకూడదనే హద్దు) పెట్టండి. నాస్‌లో స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి ఫైళ్ళు ఎలా ఉన్నాయో అలా దాచిపెట్టే సౌకర్యం) ఉంటే రోజుకి ఒకటి తీసేలా ఆన్ చేయండి. ఫోటోల అన్న అది ఆన్ చేసుంటే నిన్నటి స్నాప్‌షాట్‌లోంచి ఫోల్డర్ తీసుకునేవాడు.

5. ఇంకో కాపీ, ఇంకో ఊళ్ళో

2021 నవంబర్ వానలకి తిరుపతిలో ఎన్ని వీధుల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయో గుర్తుందిగా. కింది అంతస్తులో కంప్యూటర్, దాని పక్కనే నాస్ ఉంటే రెండూ ఒకే నీళ్ళలో మునుగుతాయి. మామూలు యూఎస్‌బీ డ్రైవ్‌లు రెండు కొనుక్కొని నాస్‌లోది వాటిలోకి ఎక్కించండి. మా పెద్దమ్మ వాళ్ళిల్లు చిత్తూరులో, 70 కిలోమీటర్లు. ఒక డ్రైవ్ వాళ్ళ బీరువాలో ఉంటుంది, పండక్కి వెళ్ళినప్పుడు మార్చుకొస్తాను. "మళ్ళీ ఆ డబ్బా తెచ్చావా నాయనా" అంటుంది ప్రతిసారీ.

6. తిరిగి తీసి చూడడం

ఇది ఎవరూ చేయరు. నెలకోసారి ఏదో ఒక ఫోల్డర్ బ్యాకప్‌లోంచి తీసి అసలు దాని మీద కాకుండా వేరే చోట పెట్టండి. ఫైళ్ళు తెరవండి, వీడియో అయితే మధ్యలోకి జరిపి చూడండి. నేను మొదటిసారి ఇలా చూసినప్పుడు ఫోటోలన్నీ ఉన్నాయి, అమ్మ పెన్షన్ కాగితాలు ఉన్నాయి, మా దుకాణం లెక్కల టాలీ డేటా మాత్రం లేదు. అది డీ డ్రైవ్‌లో ఉంది, ఫైల్ హిస్టరీ అటువైపు చూడనే లేదు. విండోస్ 11లో అలాంటి ఫోల్డర్‌ని డాక్యుమెంట్స్ లాంటి విండోస్ లైబ్రరీలో చేర్చాలి, అప్పుడే తీసుకుంటుంది. ఆ రాత్రే చేర్చి, పొద్దున్నే లేచి మళ్ళీ తెరిచి చూశాను.