అమెరికాలో పిల్లల దగ్గర స్థిరపడుతున్నారా? రిటైరైనవాళ్లు ముందే చక్కబెట్టుకోవాల్సిన పనులు

అమెరికా ప్రయాణం ఖాయమైతే ఆవకాయ, కారప్పొడి, చీరలు సర్దడానికి నెల రోజులు పడుతుంది. బ్యాంకు, పెన్షను, ఫోన్ నంబరు సంగతి మాత్రం చివరి వారానికి మిగిలిపోతుంది. తీరా వెళ్లాక ఏడిపించేవి ఈ పనులే. చలికి ఒళ్లు అలవాటుపడుతుంది, యాస నాలుగు నెలల్లో చెవికెక్కుతుంది. ఓటీపీ రాని ఫోను పట్టుకుని అంత దూరం నుంచి మన బ్యాంకును కదిలించడం మాత్రం ఎన్నాళ్లయినా అలవాటు కాదు. అందుకే ఇక్కడ ముందుగా ఊళ్లో ముగించుకోవాల్సిన పనులు చెప్పి, తర్వాత అక్కడి సంగతులకు వెళ్తాను.

1. చుట్టపుచూపా, స్థిరనివాసమా తేల్చుకోండి

విజిటర్ వీసా పాస్‌పోర్టులో పదేళ్లకు కొట్టి ఉన్నా, ఒక్కో విడత ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది దిగిన విమానాశ్రయంలోని అధికారి. మామూలుగా 6 నెలలు ఇస్తారు. ఆ గడువు ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. దిగిన మర్నాడే ఆన్‌లైన్‌లో తీసి, పేరు, తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. తిరుగు ప్రయాణానికి లెక్క ఆ తేదీయే గానీ వీసా మీది తేదీ కాదు.

గ్రీన్‌కార్డు సంగతి వేరు. కొడుకో కూతురో అమెరికా పౌరులై, 21 ఏళ్లు నిండి ఉంటేనే తల్లిదండ్రులకు దరఖాస్తు పెట్టగలరు. వాళ్లకే ఇంకా గ్రీన్‌కార్డు ఉన్న దశలో కుదరదు. పౌరుల తల్లిదండ్రులకు ఏటా ఇన్నే అనే కోటా లేదు కాబట్టి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కేసుల్లాగా ఏళ్లకేళ్లు వరుసలో నిలబడక్కర్లేదు.

"కార్డు వచ్చేసింది, ఏడాదికోసారి వెళ్లి ముఖం చూపించి వస్తే చాలు" అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గ్రీన్‌కార్డు అక్కడ నివసించేవాళ్ల కోసం. 6 నెలలు దాటి బయట ఉంటే తిరిగి వెళ్లేటప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటేలా ఉంటే రీఎంట్రీ పర్మిట్ (తిరిగి అడుగుపెట్టడానికి ముందస్తు అనుమతి) ముందే ఉండాలి. దానికి అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి, ఇక్కడికొచ్చాక పెడితే చెల్లదు. నన్నడిగితే, మనసు సగానికి పైగా గుంటూరులోనో వరంగల్‌లోనో ఉండేవాళ్లకు విజిటర్ వీసాయే సుఖం.

2. ఫోన్ నంబరును బతికించుకోండి

ఆధార్, బ్యాంకు, పెన్షను, ఆదాయపు పన్ను, కరెంటు బిల్లు అన్నీ వేలాడేది ఆ పది అంకెల మీదే. చాలా ఇళ్లలో ఆవిడ ఖాతాకి కూడా ఆయన నంబరే ఇచ్చి ఉంటుంది. బయల్దేరేముందు ఎవరి నంబరు వాళ్ల ఖాతాకి, వాళ్ల ఆధార్‌కి లింక్ చేయించండి.

ఇంటర్నేషనల్ రోమింగ్ ఇండియాలో ఉండగానే ఆన్ చేయించి, ఏడాది ప్లాన్ వేయించుకోండి. గడువు ముగిసే తేదీ పిల్లల క్యాలెండర్‌లో కూడా ఉండాలి. రీఛార్జి, వాడకం లేకుండా వదిలేస్తే కొన్నాళ్లకు నంబరు రద్దయి ఇంకొకరి చేతికి వెళ్లిపోతుంది. అప్పుడు మీ ఓటీపీలు వాళ్లకు పోతాయి.

ఇంకో చిక్కు ఉంది. అబ్బాయి ప్రేమగా కొత్త ఐఫోన్ కొనిస్తాడు. ఐఫోన్ 14 మొదలుకుని అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే అర లేదు, అన్నీ ఈ-సిమ్‌లే. మీ సిమ్ చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. సిమ్‌ను ఇక్కడే ఈ-సిమ్‌గా మార్పించుకోండి, లేదా ఓటీపీల కోసం పాత ఫోన్ ఒకటి ఛార్జింగులో ఉంచుకోండి.

3. బ్యాంకు ఖాతాలు మార్చుకోండి

నాలుగు నెలలు ఉండి వచ్చేవాళ్లకు ఈ మెట్టుతో పని లేదు. స్థిరపడటానికి వెళ్తే మాత్రం విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) ప్రకారం మామూలు సేవింగ్స్ ఖాతాను, ఎన్నారైలు ఇండియాలోని ఆదాయం కోసం వాడే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించాలి. పెన్షను, అద్దె, వడ్డీ అందులో పడొచ్చు. విదేశంలో సంపాదించినది దాచడానికి ఎన్ఆర్ఈ ఖాతా. పెన్షనుదార్లకు చాలావరకు ఎన్ఆర్ఓతోనే పని.

దీంతో కొన్ని మారతాయి. ఇన్నాళ్లూ ఏప్రిల్ రాగానే వడ్డీ మీద పన్ను కోయకుండా 15హెచ్ ఫారం ఇచ్చేవారు కదా, ఆ సదుపాయం ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే. ఎన్ఆర్ఓ వడ్డీ మీద బ్యాంకు 30 శాతం, పైన సెస్సు కోస్తుంది. రెండు దేశాల పన్ను ఒప్పందం కింద 15 శాతానికి తగ్గించుకోవచ్చు, కానీ దానికి అమెరికా పన్ను నివాస ధ్రువపత్రం తెచ్చివ్వాలి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము ఎన్నారై అయ్యాక కొత్తగా తెరవడానికి వీల్లేదు. పాత పీపీఎఫ్ గడువు తీరేదాకా నడుస్తుంది.

ఎన్ఆర్ఓ నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు. ఊళ్లో ఇల్లు అమ్మినవాళ్లు కూడా నిశ్చింతగా ఉండొచ్చు, చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్ మాత్రం సిద్ధం చేసుకోవాలి. ఎన్ఆర్ఓ ఖాతాతో అమెరికా నంబరు మీద యూపీఐ వాడే వీలుంది. మీ బ్యాంకు ఇస్తోందో లేదో ముందే కనుక్కోండి.

4. పెన్షను, లైఫ్ సర్టిఫికెట్

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం) నెల నవంబరు, 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏ నెలల్లో ఇవ్వాలో ట్రెజరీలో అడిగి రాసుకోండి. ప్రావిడెంట్ ఫండ్ పెన్షనుకైతే ఎప్పుడిచ్చినా ఏడాది చెల్లుతుంది.

లైఫ్ సర్టిఫికెట్‌ను ఆధార్‌తో డిజిటల్‌గా ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చిన తర్వాత బ్యాంకుకు వెళ్లక్కర్లేకుండా పోయింది. 2021 నుంచి ముఖం చూపించి ఫోన్‌లోనే ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఊళ్లో ఉండగా ఒకసారి సొంతంగా చేసి చూడండి. కళ్లద్దాలు తీసి, వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చుంటే తొందరగా తీసుకుంటుంది. ఫోన్ ఒప్పుకోకపోతే వాషింగ్టన్‌లో మన ఎంబసీ, న్యూయార్క్, షికాగో, హ్యూస్టన్, అట్లాంటా, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ లాంటి చోట్ల కాన్సులేట్లు ఉన్నాయి. పాస్‌పోర్టు, పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) కాపీ పట్టుకెళ్లండి.

పీపీఓలో జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆ తేడా బయటపడేది ఫ్యామిలీ పెన్షను అవసరమైనప్పుడు. దాన్ని సరిచేయించుకునే ఓపిక ఆ సమయంలో ఎవరికీ ఉండదు.

బ్యాంకుకు ఫోన్ చేయాలంటే టైము లెక్క తెలియాలి. న్యూజెర్సీ వాళ్లకు ఇండియాలో ఉదయం 10 అంటే ఎండాకాలంలో అర్ధరాత్రి 12:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, ఆ తర్వాత రాత్రి 11:30.

5. ఇల్లు, పొలం

తమ్ముడికో బావమరిదికో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి వెళ్లడం మనవాళ్ల అలవాటు. నా సలహా, ఏ పనికి ఆ పనికే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి, అమ్మే హక్కు ఇవ్వకండి. నమ్మకం ఎంతున్నా కాగితం కాగితమే. ఇక్కడే రిజిస్టర్ చేయిస్తే తేలిక. అక్కడికెళ్లాక అవసరమైతే కాన్సులేట్‌లో సంతకం పెట్టి పంపొచ్చు. అది ఇండియా చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి.

ఇల్లు అద్దెకిస్తే, యజమాని ఎన్నారై అయిన క్షణం నుంచి అద్దెలో 30 శాతం పన్ను, సెస్సు కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్లది. ఇది ఇద్దరికీ తెలియకపోవడమే ఎక్కువ. ఒప్పందం రాసేటప్పుడే ఎవరు ఏం చేయాలో రాసుకోండి.

6. ఆరోగ్యం: అన్నిటికంటే పెద్ద పని

పళ్లు, కళ్లు, చెవులు ఇక్కడే చూపించుకుని వెళ్లండి. రూట్ కెనాల్, శుక్లాల ఆపరేషన్, వినికిడి యంత్రం అన్నిటికీ అక్కడి ఖర్చుతో పోలికే లేదు. అద్దాలు రెండు జతలు చేయించుకోండి.

తర్వాత ఒక కాగితం తయారుచేయండి. మన మందుల బ్రాండ్ పేర్లు అక్కడి డాక్టరుకు ఏమీ చెప్పవు. గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, టెల్మా అంటే టెల్మిసార్టాన్, థైరోనార్మ్ అంటే లెవోథైరాక్సిన్, ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్, పాన్ 40 అంటే పాంటోప్రజోల్. డోలో 650లో ఉండే పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ పేరుతో దొరుకుతుంది. రెండూ వేరనుకుని కలిపి మింగితే లివర్‌కు ప్రమాదం. ప్రతి మందుకు ఎదురుగా అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు, ఎందుకు అని ఇంగ్లీషులో రాయించి డాక్టరు సంతకం పెట్టించండి. ఎలర్జీలు, గుండెలో స్టెంట్ వేసిన సంవత్సరం కూడా అందులోనే ఉండాలి. ఒక కాపీ పర్సులో, ఒకటి వంటగదిలో ఫ్రిజ్ మీద.

మూడు నెలలకు సరిపడా మందులు స్ట్రిప్పుల్లోనే, చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులకు కట్టుబాట్లు ఎక్కువ, వాటి గురించి డాక్టరుతో మాట్లాడాకే తీసుకెళ్లండి.

ఇక ఇన్సూరెన్స్. విజిటర్లు కొనే పాలసీల్లో చవకవి జబ్బుకింతని లెక్కగట్టి ఇస్తాయి, బిల్లు మాత్రం దానికి ఎన్నో రెట్లు వస్తుంది. కాంప్రహెన్సివ్ రకమే తీసుకోండి. పాత బీపీ, షుగరు జబ్బు అకస్మాత్తుగా ముదిరితే ఎంతవరకు ఇస్తారో, మీ వయసుకు ఆ సదుపాయం ఉందో లేదో పాలసీ కాగితంలో చదివించుకోండి.

గ్రీన్‌కార్డు వాళ్లు 65 దాటగానే మెడికేర్ (పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తుందనుకుంటారు. వరుసగా 5 ఏళ్లు అక్కడ నివాసం ఉండాలి. ఆ తర్వాత కూడా అక్కడ పనిచేసిన చరిత్ర లేకపోతే ఆసుపత్రి భాగానికే నెలకు 500 డాలర్లకు పైగా కట్టుకోవాలి. పిల్లలు కట్టిన పన్నులు మీ లెక్కలోకి రావు. ఈ లోపు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ వెబ్‌సైటులో, ప్లాన్ కొనుక్కోవాలి. పాత జబ్బులున్నాయని వాళ్లు కాదనడానికి వీల్లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు 60 రోజుల గడువే ఉంటుంది, దాన్ని పోగొట్టుకోకండి. ఇండియాలో ఉన్న హెల్త్ పాలసీ మాత్రం ఆపేయకండి. 72 ఏళ్లకు తిరిగొచ్చి కొత్త పాలసీ అడిగితే వెయిటింగ్ పీరియడ్లన్నీ మొదటికొస్తాయి.

జ్వరం, బెణుకు, మూత్రంలో మంట లాంటివాటికి అర్జెంట్ కేర్ క్లినిక్ చాలు. ఛాతీనొప్పి, మాట తడబడటం, మూతి వంకరపోవడం అయితే ఆలోచించకుండా అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పడానికి ఇంటి నంబరు, వీధి పేరు నోటికొచ్చి ఉండాలి. ఆసుపత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఫోన్‌లోనైనా కలుపుతారు, దానికి మీ దగ్గర డబ్బు తీసుకోరు. "అల్లుడు చెప్తాడులే" అనుకుంటే అల్లుడి ముందు చెప్పుకోలేని సంగతులు డాక్టరుకు చేరవు. పెద్ద బిల్లు వస్తే వెంటనే కట్టేయకండి. వివరాలన్నీ ఉన్న బిల్లు అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సాయం విధానం ఉండి తీరాలి, దాని ఫారం కూడా అడగండి.

మీ తరఫున ఎవరు నిర్ణయం తీసుకోవాలో హెల్త్‌కేర్ ప్రాక్సీ కాగితం రాసి పెట్టుకోండి. ఇన్సూరెన్స్‌లో భౌతికకాయం ఇండియాకు చేర్చే ఖర్చు ఉందో లేదో చూసుకోండి. ఈ మాట ఎత్తితే పిల్లలు "అదేంటి నాన్నా" అంటారు. అయినా ఎత్తండి.

7. అక్కడి పన్ను

గ్రీన్‌కార్డు తీసుకున్నాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అమెరికా పన్ను రిటర్నులో చూపాలి. ఇండియాలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల వివరాల రిపోర్టు దాఖలు చేయాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా లెక్కే. పన్నేమీ కట్టక్కర్లేదు, చెప్పడమే. చెప్పకపోతే జరిమానా మాత్రం పెద్దది. మన మ్యూచువల్ ఫండ్లకు అక్కడి నియమాలు చాలా కఠినం. కార్డు రాకముందే రెండు దేశాల పన్నులూ తెలిసిన అకౌంటెంటుతో ఒకసారి కూర్చోండి.

8. ఇంట్లో రోజులు గడవాలంటే

చెక్క ఇళ్లు, తలుపులన్నీ బిగించి ఉంటాయి. మిరపకాయల పోపు వేస్తే పొగ అలారం గొంతు చించుకుంటుంది. పోపు గరిటె పొయ్యి మీద పెట్టకముందే చిమ్నీ ఫ్యాను వేయండి, అలారాన్ని మాత్రం ఊడదీయకండి. కరివేపాకు ఇక్కడి నుంచి తీసుకెళ్లడం నిషేధం, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. పచ్చళ్లు, పొడులు ఫరవాలేదు, ఫారంలో అడిగితే దాచకుండా చెప్పండి.

తేదీల్లో నెల ముందు రాస్తారు. 05/06 అంటే జూన్ 5 కాదు, మే 6. డాక్టరు అపాయింట్‌మెంట్ ఈ పొరపాటుతోనే చేజారుతుంది.

గ్రీన్‌కార్డు వాళ్లు సోషల్ సెక్యూరిటీ నంబరు, రాష్ట్ర గుర్తింపు కార్డు తీసుకోండి. మీ పేరు మీద చిన్న బ్యాంకు ఖాతా, కార్డు పెట్టించుకోండి. కాఫీకి, గుడి హుండీకి కూడా కోడలిని అడగాల్సి వస్తే ఎంత మంచి కోడలైనా మనసు చిన్నబోతుంది. బస్సు తిరిగే ఊరైతే సీనియర్ టికెట్ ఎలా కొనాలో మనవడిని తోడు తీసుకుని ఒకసారి వెళ్లి రండి. పబ్లిక్ లైబ్రరీ కార్డు ఆ ఊళ్లో ఉండేవాళ్లకు ఉచితం.

ఇంకొక్కటి, పిల్లల పెంపకం. మనవలను స్కూలు నుంచి తేవడం, వండి పెట్టడం ఏ రోజుల్లో మీది, ఏ రోజుల్లో కాదో టికెట్ కొనకముందే కొడుకు, కోడలితోనో కూతురు, అల్లుడితోనో కూర్చుని మాట్లాడుకోండి. వారంలో ఒక రోజు మీదిగా ఉంచుకోండి. ఆ రోజు వంట వాళ్లది, నడకో గుడో స్నేహితులో మీ ఇష్టం.